తురీయంలో జీడిపప్పు

కాకినాడ అనగానే ఎవరికైనా కాజా గుర్తుకొస్తుంది. ఆ ఖ్యాతిని కాజాల దగ్గర్నుంచి కాజేసిన మనిషి మా ఆవిడ. డాక్టర్ విజయశారద, మెదడు శాస్త్రవేత్త. నేను ఆవిడ మొగుణ్ణి, భీమలింగాన్ని. పెళ్ళిళ్లకీ ఊరేగింపులకీ సంతాప సభలకీ మైకు సెట్లు అద్దెకిచ్చే 'భీమలింగం సౌండ్స్' మాదే. ఆవిడ మౌనాన్ని శోధిస్తుంది, నేను మైకుల్ని మోగిస్తాను. ఆవిడది పరిశోధన, నాది పెనురోదన. నాకు లౌక్యం తక్కువ, లౌడ్‌క్యం ఎక్కువ అని ఒకసారి నేనే అన్నాను. ఆవిడ "ఛీ!" అంది.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా ప్రతి శ్లేషకీ ఆవిడ ఇచ్చిన బహుమతి ఆ ఒక్క అక్షరమే. దానికోసమే నేను పొద్దున్న లేచేది.

ఆవిడ పరిశోధన మొదలైంది వాళ్ల నాన్నగారి తలపాగా కింద. మా మావయ్య సూర్రావుగారు జగన్నాథపురం భజన సమాజానికి పెద్ద. ఏకాహం అంటే ఒక పగలూ ఒక రాత్రీ రామనామం తెగకుండా సాగాలి. ఒక జట్టు గొంతు బొంగురుపోయేలోగా ఇంకో జట్టు అందుకోవాలి. తూరుపు తెల్లబడే వేళ, తాళాలన్నీ ఒక్కటైపోయిన ఏదో ఒక ఘడియలో, మావయ్యగారు 'వెళ్ళిపోతారు'. గొంతు పాడుతూనే ఉంటుంది, చేతులు తాళం వేస్తూనే ఉంటాయి, ఆయన మాత్రం అక్కడ ఉండరు. ముఖంలో ఒక వెలుగు వస్తుంది. నేను పందిరంతా ఎన్ని సీరియల్ లైట్లు కట్టినా రాని వెలుగు.

"నాన్న ఎక్కడికెళ్తారు?" అని పరికిణీ కట్టుకునే రోజుల్లోనే అడిగిందట శారద. ఎవరూ చెప్పలేదు. తనే తెలుసుకుందామని బయల్దేరి డాక్టరేటు దాకా వెళ్ళింది.

ఆయన తలపాగా కింద సన్నటి తీగల టోపీ ఒకటి తొడిగింది. తరవాత దర్గాలో అల్లా నామం జపిస్తూ జిక్ర్ చేసే ఫకీరుకి, ఉపవాస ప్రార్థనల్లో కూర్చునే చర్చి పెద్దమ్మకి, వల లాగుతూ పదం అందుకునే పడవ సరంగుకి, అందరికీ అదే టోపీ. రికార్డింగు పని నాది. ఒకరోజు ఉప్పుటేరు పక్కనున్న తన పరిశోధనశాలలో తెర మీద ఆ నలుగురి గీతల్నీ ఒకదానిమీద ఒకటి పరిచి చూపించింది. మెదడులో 'నేను, నేను' అని అస్తమానం కొట్టుకునే అల ఒకటుంటుందట. ఆ ఘడియ వచ్చేసరికి నలుగురిలోనూ అది గాలి పడిపోయిన సముద్రంలా చదునైపోయింది.

"దారులు వేరండీ, చేరే ఊరు ఒక్కటే," అంది మెల్లగా.

"అంటే 'నేను' నిద్రపోతుందన్నమాట. నేను నిద్రపోతే గురక, 'నేను' నిద్రపోతే ఎరుక!"

"ఛీ!"

ఆ ఊరికి ఎవరినైనా తీసుకెళ్ళే యంత్రం కట్టింది మా ఆవిడ. మైకుని స్పీకరుకి ఎదురుగా పెడితే తన గొంతు తనే విని కీచుమని కూతపెడుతుంది కదా, ఇదీ అలాంటిదే. మన మెదడు లయని మనకే, వెంట్రుకవాసి ఆలస్యంగా, మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. కూత పుట్టకుండా ఆ గీత పుట్టేలా దాన్ని మచ్చిక చేయడంలోనే ఉంది ఆవిడ ప్రతిభ. మెలకువ, కల, నిద్ర మూడూ దాటిన నాలుగో స్థితి తురీయం కాబట్టి తురీయ యంత్రం అని పేరు పెట్టింది. "కొబ్బరి తురుముతుందా?" అని అడిగాను. ఆ రోజు రెండు ఛీలు వచ్చాయి.

ఆ యంత్రపు శిరస్త్రాణం తలకి పెట్టుకుని మొదట కూర్చున్నవారు లెక్కలు చెప్పే కామరాజు మాష్టారు. లెక్క తప్పితే ఆయన వేసే కేకకి గోడ సున్నం రాలేది. "శిరస్త్రాణం మోయాలంటే శిరస్సుకి త్రాణ ఉండాలండోయ్" అని నేనంటే విసుక్కున్నారు. శారద మీట నొక్కింది. తెర మీద గీత ఎగిరెగిరి పడింది, ఊగింది, వంగింది, పడుకుంది. పక్కనున్న పరిశోధక విద్యార్థి జోయెల్ పెన్ను జారవిడిచాడు.

శిరస్త్రాణం తీశాక మాష్టారు మా ముగ్గురి వైపూ ఒకేలా చూశారు. "ఇన్నాళ్లూ నన్ను నేనే మోసుకు తిరిగానమ్మా. ఇవాళ దింపేశాను," అన్నారు.

ఆయన తరవాత ఇంకొందరు కూర్చున్నారు. అందరిదీ అదే మాట, అదే వెలుగు. నా ఛాతీ నా పెద్ద స్పీకరు బాక్సంత అయింది. పేపర్లో ఆవిడ ఫోటో పడితే షాపు షట్టరు మీద అంటించాను. వచ్చిన పెళ్ళివారికి ముందు ఫోటో చూపించి, తరవాతే రేటు చెప్పేవాణ్ణి. ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం వస్తోందని కబురొచ్చింది. వాళ్ళు సరేనంటే ప్రతి రైల్వే స్టేషనులో, ప్రతి ఆసుపత్రిలో ఒక తురీయ గది!

ఆ కబురు వెనకాలే మాష్టారి భార్య సుందరమ్మగారు వచ్చారు.

"ఏమ్మా శారదా, మా ఆయన్ని మాకిచ్చెయ్యి," అన్నారు గుమ్మంలోంచే.

"ఏమైందండీ పిన్నిగారూ? కోప్పడుతున్నారా?"

"కోప్పడితే ఇక్కడిదాకా ఎందుకొస్తానే తల్లీ? కోపమే లేదు! పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఎదురుగా కూచుని నవ్వుతా చూస్తన్నాడు. సరేలే అనుకున్నా. నిన్న మనవరాలు మెట్టు మీంచి పడి గుక్కపట్టి ఏడిస్తే దాన్నీ అలాగే చూశాడు. పాలనీ పసిదాన్నీ ఒకేలా చూశాడమ్మా! అంత శాంతం మా కొంపకొద్దు."

శారద మిగతావాళ్ల ఇళ్ళకి జోయెల్‌ని పంపింది. తిరిగొచ్చి చెప్పాడు. అన్ని ఇళ్ళల్లోనూ అదే నవ్వు.

"కొన్నాళ్లకి తగ్గిపోద్దేమో మేడమ్."

"తగ్గకపోతే?" అంది. యంత్రం వైపు తిరిగింది. "నేను చూడని ఊరికి వాళ్లని పంపాను. ముందు నేను చూసి రావాలి."

"రాను టిక్కెట్టు ఉందో లేదో తెలియని ఊరికి నువ్వెందుకే?" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు తగ్గింది.

"రాను దారి ఎక్కడ తెగిందో అక్కడికెళ్తేనే కదండీ తెలిసేది."

చేతి గాజులు తీసి నా చేతికిచ్చి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. రణరంగానికి వెళ్ళేవాళ్లు వేరే ఎక్కడో ఉంటారనుకునేవాణ్ణి అంతవరకూ.

ఆ సాయంత్రం బెండకాయ పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. "బాగుందండీ" అంది. భయమేసింది. పరీక్షిద్దామని, "ధ్యానం అయింది కదా, ఇక ధాన్యం తిను" అన్నాను.

ఆవిడ తలెత్తి ప్రసన్నంగా నవ్వింది. "బాగుందండీ."

నా గుండె జారి కంచంలో పడింది. నా శ్లేష బాగుందని ఆవిడ అనడం అదే మొదటిసారి. సరిగ్గా అలాంటి నవ్వే గోడమీది బల్లికి కూడా ఇచ్చింది.

ఆ తరవాత నేను కాల్చని టపాకాయ లేదు. పరవశమంటే పరుల వశమా అన్నాను, సమాధికి సమాధానం చెప్పమన్నాను, నాకే సిగ్గేసేంత చచ్చు శ్లేషలు వదిలాను. అన్నీ బాగున్నాయంది. మావయ్యగారు చూడ్డానికొచ్చారు. ఆయనకి ఈ మధ్య ఆయాసం ముదిరింది, పాడొద్దని డాక్టరు చెప్పాడు. కుర్చీలో కూలబడి కొలిమితిత్తిలా ఎగశ్వాస తీస్తుంటే, కూతురు ఎదురుగా నిలబడి ఆ నవ్వే నవ్వింది. మంచినీళ్లివ్వాలని తోచలేదు. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి నావైపు తిరిగారు.

"అల్లుడుగారూ, నా కూతుర్ని ఎక్కడ పెట్టారండీ?"

ఆయనకి మంచినీళ్లు నేనే తెచ్చిచ్చాను.

నిపుణుల సంఘం రావడానికి వారం కూడా లేదు. జోయెల్ పరుగున షాపుకొచ్చాడు. "సార్, మేడమ్ అనుమతి కాగితాలన్నిటిమీదా సంతకాలు పెట్టేస్తున్నారు. యంత్రం సిద్ధమని రాసున్నా, ప్రమాదం లేదని రాసున్నా, బాగుందనే అంటున్నారు. నేనే దొంగచాటుగా దాచేస్తున్నాను. ఎన్నాళ్లు దాచగలను?"

నా పెళ్ళాం పోయింది సరే, ఇక ఊరూరా పెళ్ళాలూ మొగుళ్లూ పోతారన్నమాట. వెళ్ళి ఆవిడ ఎదురుగా స్టూలేసుక్కూర్చున్నాను.

"శారదా, మొగుణ్ణని అడగట్లేదు. శాస్త్రవేత్తవి కాబట్టి అడుగుతున్నాను. రాను దారి ఎక్కడుంది?"

"మన రికార్డింగుల్లో లేదండీ," అంది, టైమెంతని అడిగితే చెప్పినంత మామూలుగా. "మంగళహారతి దగ్గర ఆపేస్తాం కదా."

మైకు సెట్టు వాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. హారతి పాట ఎత్తుకోగానే మేం వైర్లు చుట్టడం మొదలెడతాం. గంట కొడితే మూట కట్టు అన్నది మా నాన్న నేర్పిన మొదటి పాఠం. అది పరిశోధనశాలకీ కలిసొచ్చింది. గంటలూ శంఖాలూ మోగితే టోపీ తీగలు అదిరి గీతలన్నీ చెదిరిపోతాయి. అందుకని హారతి దగ్గర ఆపాం. దర్గాలో చివరి దువా దగ్గర, చర్చిలో ఆమెన్ దగ్గర, పడవ ఒడ్డుకి తగలగానే, అన్నిచోట్లా ఆపాం. నలుగురూ ఎక్కడం పట్టుకున్నాం. ఒక్కరు దిగడం కూడా పట్టుకోలేదు. మేం చూపించిందే యంత్రం నేర్చుకుంది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"శిరస్త్రాణం తియ్యగానే."

"మరి చెప్పలేదేమే?"

"ఎవరూ అడగలేదు కదండీ."

"ఇంత ముఖ్యమైన సంగతి..."

"ముఖ్యం, అముఖ్యం అని అక్కడ రెండు లేవండీ." అని కిటికీలోంచి ఉప్పుటేరు వైపు చూస్తూ కూర్చుంది.

తెలివి ఎక్కడికీ పోలేదు. ఆ తెలివికి ఆకలి పోయింది. అయినా చూడండి, వెళ్ళిన పని పూర్తి చేసుకునే వచ్చింది మా ఆవిడ! ఆ బాధలోనూ నాకు మీసం మెలెయ్యాలనిపించింది.

నేరుగా మావయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. "మావయ్యగారూ, ఇన్నేళ్లుగా వెళ్తున్నారు కదా, ఎలా దిగుతారండీ?"

"దిగడమేంటండీ? హారతవుద్ది, పులిహోర పెడతాం. మన సమాజంలో రూలుందిగా, ఎవడు వెళ్ళిపోయాడో వాడే వడ్డించాలి."

"ఎందుకలాగ?"

"ఎందుకేంటి! రాత్రంతా పాడేసి, వడ్డన వేళకి కళ్ళు మూసుకుని మాయమైపోయేవారు వెధవలు. పని తప్పించుకుంటున్నారని మా తాత పెట్టాడు. వడ్డించేవాడిని పంక్తంతా ఏడిపించాలి, అది ఇంకో రూలు."

దింపుడుకళ్ళం ఆశ అంటారే, అలాంటిదే పుట్టింది నాకు. "అయితే ఒక ఏకాహం పెట్టాలండీ."

ఆయన ఛాతీ రాసుకున్నారు. "పాడొద్దన్నాడు డాక్టరు. తాళం వెయ్యొద్దన్లేదుగా. పెట్టండి."

పందిట్లో మాష్టారితో సహా యంత్రమెక్కిన వాళ్లందర్నీ కూర్చోబెట్టాం. వాళ్లకీ, శారదకీ, మావయ్యగారికీ టోపీలు. నామం తెగకుండా సాగింది. తెల్లవారేసరికి మావయ్యగారు తాళం వేస్తూ వేస్తూ వెళ్ళిపోయారు. గీతలన్నీ చదును. హారతి ఎత్తుకున్నారు. నా చేతులు అలవాటుగా వైర్ల వైపు వెళ్ళాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఆపుకున్నాను. గంటలు, శంఖం, జేగంట. తెర మీద గీతలు గంగవెర్రులెత్తాయి.

"సార్, అంతా చెత్తే వస్తోంది!"

"రానియ్యవయ్యా. ఆ చెత్తలోనే చిత్తాన్ని వెతుకుదాం."

విస్తళ్లు పరిచారు. మావయ్యగారే ముందు లేచి రెండు విస్తళ్లకి వడ్డించారు. మూడోవాడు "మీ చేతి గరిటె చిన్నదైపోయిందేంటి బాబాయ్" అనగానే వాణ్ణి కసిరి, మామూలు మనిషై, ఆయాసంతో తన విస్తరి ముందు కూలబడ్డారు. శారద చేతికి పులిహోర బేసిను ఇచ్చాం. పంక్తి రూలు ప్రకారం రెచ్చిపోయింది.

"అమ్మా, ఇటు రాలేదు!" "ఆడికి రెండు గరిటెలేంటమ్మా, ఆడేం పెళ్ళికొడుకా?" "పోపు మాడింది, ఎవరిదమ్మా చెయ్యి?"

ఆవిడ నవ్వుతూ సాగింది. పసిపిల్లకీ అదే గరిటె, పహిల్వానుకీ అదే గరిటె. జోయెల్ నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. గీత పడుకునే ఉంది. నా దగ్గరికొచ్చింది, ఒక గరిటె వేసింది, నవ్వింది, దాటిపోయింది.

మావయ్యగారి ముందు వంగి వడ్డించింది. ఆయన విస్తట్లోకి చూసుకున్నారు, వేలితో కెలికారు.

"అమ్మాయ్, నాకు జీడిపప్పు రాలేదే."

శారద చిన్నప్పుడు ఆయన పక్కనే కూర్చుని ఆయన విస్తట్లో జీడిపప్పంతా ఏరుకు తినేదట. ప్రతిసారీ ఆయన ఇదే మాట అనేవారట.

గరిటె గాల్లో ఆగింది. ఆవిడ విస్తరి వైపు చూసింది. ఎగిరెగిరి పడుతున్న ఆయన ఛాతీ వైపు చూసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి, ఎన్నాళ్లకో. గరిటె పక్కన పడేసి, నేలమీద చతికిలబడి, బేసినులో చెయ్యి పెట్టి కెలికి, ఒక్కొక్క జీడిపప్పూ ఏరి వాళ్ల నాన్న విస్తట్లో వెయ్యడం మొదలెట్టింది.

"నాన్నా, ఈ ఆయాసం ఎప్పట్నించి? మాత్ర వేసుకున్నావా? ఎవరూ చూసుకోరా నిన్ను?"

"సార్!" అని జోయెల్ గావుకేక. "లేచింది సార్, గీత లేచింది!"

అవతలి వరసలో వడ్డిస్తున్న కామరాజు మాష్టారి మీద ఎవరో తుంటరి నీళ్లగ్లాసు ఒలకబోశాడు. "ఎవడ్రా అది? బుద్ధుందా? గాడిద!" పందిరి గుంజలు అదిరాయి. "తిట్టాడు! మా ఆయన తిట్టాడు!" అని సుందరమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. మిగతావాళ్లని కూడా పంక్తి ఏదో ఒకటి అడిగి ఒక్కొక్కరినే దింపింది.

నేను విస్తరి పట్టుకుని శారద దగ్గరికెళ్ళాను. "మొత్తం పప్పంతా మీ నాన్నకేనా? నాకేదీ? ఓహో, ఇంట్లో ఇంత పెద్ద పప్పుండగా ఇంకెందుకనా?"

"ఛీ! నోర్మూసుకుని తినండి."

నా కళ్లు చెమ్మగిల్లాయి. ఎండుమిరపకాయ కొరికానని చెప్పాను.

నిపుణుల సంఘం వచ్చింది. సంఘానికి పెద్దగా వచ్చిన నేమానిగారు మర్యాదస్తుడే. అంతా విని, "డాక్టరుగారూ, దిగడంతో మనకేం పనండీ? మనుషులకి బాధ లేకుండా చెయ్యడమేగా కావలసింది?" అన్నారు.

"బాధ ఉండదండీ, నిజమే. నేనెళ్ళి చూశాను," అంది శారద. "పాలు పొంగినా ఉండదు, పిల్ల పడినా ఉండదు. మా నాన్న నా ఎదురుగా ఊపిరాడక గిజగిజలాడితే నేను నవ్వుతూ నిలబడ్డాను. మీ స్టేషన్లలో ఈ గదులు పెడితే, ప్లాట్‌ఫారం మీంచి ఎవరు జారినా అందరూ అలాగే చూస్తారు."

"ఆ దిగే భాగం కూడా యంత్రంలో పెట్టెయ్యండి మరి."

"అది తీగల్లో దొరకలేదండీ. గంటల మోతలో మూడు వంతులు పోయింది. దొరికిన కాస్తలో ఒక్కటే తెలిసింది. ఎవరో ఒకరు మనల్ని ఏదో ఒకటి అడగాలి. అడిగినవాళ్ల మీద మనకి పక్షపాతం ఉండాలి. దాన్ని యంత్రం ఎలా చెయ్యాలో నాకింకా తెలీదు. తెలిసేదాకా ఇది ఈ గది దాటదు."

"ఇది మీ జీవితంలో అతి పెద్ద అవకాశమమ్మా."

"తెలుసండీ." యంత్రం గుండెలాంటి పలక ఒకటుంది, అరచేతిలో పట్టేది. దాన్ని ఊడదీసి కొంగున ముడేసుకుని, వాళ్లకి తనే కాఫీలు అందించింది.

పేపర్లో ఈసారి ఫోటో పడలేదు. నేను పాతదే తీసి, కడిగి, షట్టరు మీద కొత్తగా అంటించాను. ఇప్పుడు వచ్చిన పెళ్ళివారికి రెండు ఫోటోలంత కథ చెప్తున్నాను. హారతి ఎత్తుకోగానే వైర్లు చుట్టడం కూడా మానేశాను. పులిహోర తిన్నాకే.

మొన్న సాయంత్రం ఇద్దరం ఉప్పుటేరు గట్టు మీద నడుస్తున్నాం. పడవలు తిరిగొస్తున్నాయి.

"అక్కడ ఎలా ఉంటుందే?" అని అడిగాను.

ఆవిడ ముఖంలో మావయ్యగారి వెలుగు కాస్త కనిపించింది. "ఏ లోటూ లేదండీ. ఒక్కటంటే ఒక్కటి లేదు."

"మళ్ళీ వెళ్ళాలనుందా?"

"రోజూ ఉంది."

కాస్త దూరం నడిచాక అడిగాను. "మరి ఎందుకొచ్చావే?"

ఆవిడ ఇదేం ప్రశ్నన్నట్టు నావైపు చూసింది.

"నాన్నకి జీడిపప్పు రాలేదు కదండీ."